పదో తరగతికీ కాలేజీకీ మధ్య పరుగు

కలకత్తాలోని ఏక్‌బాల్‌పూర్‌లో పరుగు నేర్పేవాళ్లకు ట్రాక్ ఉండదు. డైమండ్ హార్బర్ రోడ్డు నిండా బస్సులు, సందుల్లో రిక్షాలు, దుకాణాల ముందు దింపిన మూటలు, కాస్త అటు పోతే ఖిదిర్‌పూర్ డాక్. అందుకే పేట లేవకముందే మేం రేస్‌కోర్సు పక్కనుంచి మైదానానికి వెళ్లిపోతాం. మైదానం సైన్యానిది. గడ్డి కోసినచోట పరుగెత్తుతాం, జరగమంటే జరుగుతాం. వానాకాలం వెళ్లాక గడ్డి కింద గుంటలు కనిపించవు. చీలమండ బెణికితే నెల పోయినట్టే. కొత్తగా వచ్చినవాళ్లను నేను ముందు ఆ గడ్డంతా నడిచి చూసి రమ్మంటాను. పరుగు ఆ తర్వాతే.

నా దగ్గరికి వచ్చేది మాధ్యమిక్ రాసిన పిల్లలు. మాధ్యమిక్ అంటే మన పదో తరగతి. ఆ తర్వాతి రెండేళ్లు ఉచ్చ మాధ్యమిక్, మన ఇంటరు. స్కూల్లో పతకాలు వచ్చి ఉంటాయి. కాలేజీ జట్టులో, ఆపైన యూనివర్సిటీ జట్టులో పరుగెత్తాలని మనసులో ఉంటుంది. ఆ రెండేళ్లూ వాళ్లను దాటించడమే నా పని. పదిలో గుంపుగా ఉన్న పిల్లలు పన్నెండు పూర్తయ్యేసరికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగులుతారు. మిగతావాళ్ల కాళ్లలో సత్తా లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. కొందరి పరుగును ట్యూషన్లు మింగేస్తాయి. మగపిల్లల్ని దుకాణంలో కూర్చోమంటారు. ఆడపిల్లల్ని ఇక చాలించమంటారు. ఒకరికి గాయం మానదు, ఇంకొకరికి కాగితం దొరకదు. ఈ దారి నేను నడిచినదే, ఏళ్ల తరబడి నడిపిస్తున్నదే కాబట్టి నాకు తెలిసిందంతా చెబుతాను. విను.

మా నాన్నగారు వాల్తేరు నుంచి గార్డెన్ రీచ్‌కు బదిలీ మీద వచ్చారు. అప్పట్లో వాల్తేరు డివిజను సౌత్ ఈస్టర్న్ రైల్వేలోనే ఉండేది. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వేలోకి వెళ్లింది. సౌత్ ఈస్టర్న్ హెడ్డాఫీసు మాకు దగ్గర్లోనే, హుగ్లీ ఒడ్డున. పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ బీఎన్నార్ అనే అంటారు, వెనకటి బెంగాల్ నాగపూర్ రైల్వే పేరు మీద. ఖరగ్‌పూర్‌లో ఉన్నంతమంది కాకపోయినా ఆ రైల్వే వెంట వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడా ఉన్నాయి. రైల్వే ఇళ్లలో ఆటకు విలువ తెలుసు. ఎవరో ఒక అన్న ఫుట్‌బాల్ ఆడో, ఎవరో ఒక అక్క పరుగెత్తో క్రీడా కోటాలో ఉద్యోగం తెచ్చుకున్న సంగతి కళ్లముందే ఉండేది. అందుకే నేను పొద్దున్నే షూ కట్టుకుంటుంటే మా అమ్మ అడ్డం చెప్పలేదు. 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో నదియా జిల్లా నుంచి వచ్చిన జ్యోతిర్మయీ సిక్దర్ 800, 1500 మీటర్లు రెండింట్లోనూ స్వర్ణం తెచ్చింది. ఈ రాష్ట్రంలో పరుగెత్తే ఆడపిల్లలందరికీ ఆ ఏడాది ఇంట్లో మాట చెల్లింది.

నాకు పరుగు నేర్పింది రైల్వేలో చేసి రిటైరైన ఒక బెంగాలీ సారు. ఫీజు పుచ్చుకునేవారు కాదు. ఆయన ఆస్తల్లా ఒక స్టాప్‌వాచీ, ఒక విజిలు, యాభై మీటర్ల స్టీలు టేపు. నాకు తెలిసినదాంట్లో సగం పైన ఆయనదే.

ఆ టేపు ఎందుకో మొదట చెప్పాలి. ఒకసారి ఒక కుర్రాడు స్కూలు మీట్‌లో 400 మీటర్లకు అద్భుతమైన టైము పట్టుకొచ్చాడు. వాళ్ల నాన్న మిఠాయి పంచాడు. సారు ఏమీ అనకుండా ఆ స్కూలు మైదానానికి టేపు పట్టుకుని వెళ్లారు, నన్ను రెండో కొస పట్టుకోమన్నారు. మొదటి లేనును లోపలి గట్టు నుంచి ముప్పై సెంటీమీటర్లు ఎడంగా కొలవాలి. గట్టు లేని మిగతా లేన్లలో గీత నుంచి ఇరవై. వాళ్లు గీత మీదే కొలిచారు. వంపులు కూడా కురచగా గీశారు. పిల్లవాడు పరుగెత్తింది నాలుగొందలు కానేకాదు. సారు వాడితో, “నువ్వు బాగా పరుగెత్తావు. ఎంత బాగా అన్నది మాత్రం ఎవరికీ తెలీదు. శనివారం రా, తెలుసుకుందాం” అన్నారు. వాడు వచ్చాడు. ఆ తర్వాత ఎంతోకాలం మా దగ్గరే ఉన్నాడు.

చేతి గడియారం సంగతి కూడా అంతే. చేత్తో నొక్కిన టైము ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే తుపాకీ పేలాక వేలు ఆలస్యంగా కదులుతుంది. ఎలక్ట్రానిక్ టైముతో పోల్చాలంటే 100, 200 మీటర్లకు 0.24 సెకను కలపాలి, 400కు 0.14. నీ స్కూలు సర్టిఫికెట్ మీద వంద మీటర్లకు 12.1 అని ఉంటే కాలేజీ సెలెక్టరు దాన్ని 12.34గానే చదువుతాడు. నువ్వూ అలాగే చదువుకో. నా పిల్లల నోటుబుక్కుల్లో ప్రతి టైము పక్కనా ‘చే’ అనో ‘ఎ’ అనో రాయిస్తాను. ఏ మైదానం, మట్టా గడ్డా సింథటిక్కా, ఎండా వానా, అన్నీ రాయాలి. కోచ్‌లు అడిగేది నీ బెస్ట్ టైము ఒక్కటే కాదు. పోయిన ఏడాది నుంచి ఈ ఏడాదికి ఎంత తగ్గిందో చూస్తారు. పదిలో 800 మీటర్లు 2:40లో పరుగెత్తి పన్నెండులో 2:24కు వచ్చిన అమ్మాయిని, పదిలోనే 2:26 పరుగెత్తి అక్కడే ఆగిపోయిన అమ్మాయికన్నా ముందు తీసుకుంటారు. నేనైనా అదే చేస్తాను.

సరైన టైము ఎంత ముఖ్యమో తెలియాలంటే మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ కథ తెలుసుకోవాలి. వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డు. స్కూల్లో పీఈటీ సారు ఆమె ఎత్తు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందన్నారు. హైదరాబాద్‌లో ఎన్. రమేశ్ గారి దగ్గర, ఆ తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిలియర్ దగ్గర తయారైంది. 2020 జనవరిలో మూడబిదిరిలో జరిగిన ఆలిండియా ఇంటర్‌యూనివర్సిటీ మీట్‌లో వంద మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరుగెత్తింది. అప్పటికి జాతీయ రికార్డు 2002లో అనూరాధా బిస్వాల్ పెట్టిన 13.38. కానీ అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ టెక్నికల్ డెలిగేటు లేరు. రికార్డు ఇవ్వలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్ ఫెడరేషన్ కప్‌లో 13.09 పరుగెత్తింది. వెనక గాలి సెకనుకు 2.1 మీటర్లు, రికార్డుకు 2.0 దాటకూడదు. మళ్లీ ఇవ్వలేదు. అదే ఏడాది మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరుగెత్తితే అది రికార్డయింది. మూడింట్లోనూ నెమ్మదైన పరుగుకే రికార్డు దక్కింది. ఆమె ఆగలేదు. 2023లో చెంగ్డూ ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 12.78తో కాంస్యం గెలిచింది. చూశావా, ఈ కథలో రెండుసార్లు యూనివర్సిటీ మీట్ వచ్చింది. కాలేజీ పరుగంటే చిన్న మెట్టని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పు. 2019లో నేపుల్స్‌లో ద్యుతీ చంద్ వంద మీటర్ల స్వర్ణం గెలిచింది కూడా యూనివర్సిటీ క్రీడల్లోనే.

ఇక పని. నాది ఎనిమిదొందల మీటర్లు, అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను. రెండు చుట్ల పరుగది. మొదటి వంపు ఎవరి లేనులో వాళ్లు పరుగెత్తాలి. వంపు దాటాక ట్రాక్‌కు అడ్డంగా ఒక గీత ఉంటుంది, బ్రేక్‌లైను. అది దాటాకే లోపలికి రావాలి. మా అమ్మాయి ఒకతి జిల్లా మీట్‌లో ఆరో లేను నుంచి బయల్దేరి, లోపలివాళ్లు ముందుకు పోతున్నారన్న కంగారులో గీత రాకముందే లోపలికి కోసింది. అందరికన్నా ముందు ముగించింది. ఫలితాల్లో పేరు లేదు. పైగా ఆ కంగారు అనవసరం. బయటి లేను నుంచి వచ్చేవాళ్లు గీత దాటగానే అడ్డంగా కోయకూడదు. ఎదుటి వంపు మొదలు మీద కన్నుంచి, వంద మీటర్ల దూరంలో ఏటవాలుగా చేరాలి. దీన్ని మాటల్లో చెబితే ఎవరికీ ఎక్కదు. అందుకే గడ్డి మీద సున్నంతో గీత గీసి, బయటి లేను నుంచి మళ్లీ మళ్లీ పరుగెత్తిస్తాను. కాళ్లకు తెలిసేదాకా.

స్ప్లిట్సు, అంటే ఒక్కో చుట్టు టైము, ఇంకో సంగతి. 2:20 కావాలంటే మొదటి చుట్టు 69, రెండోది 71. స్కూలు పిల్లలు 64తో మొదలుపెట్టి 80తో పాకుతారు. టింటూ లూకా లాంటి గొప్ప రన్నరు, 2010లో స్ప్లిట్ నగరంలో 1:59.17తో జాతీయ రికార్డు పెట్టిన మనిషి కూడా ముందుగా దూసుకుపోయి ఆఖరి వంద మీటర్లలో పట్టుబడిన పరుగులున్నాయి. సారు మాకు గడియారం లేకుండా వేగం తెలుసుకోవడం నేర్పారు. ఆయన విజిల్ వంద మీటర్లకోసారి మోగేది. మోగినప్పుడు మేం ఎక్కడుండాలో అక్కడ ఉండాలి. ముందున్నా తిట్టే, వెనకున్నా తిట్టే. కొన్ని వారాలకు విజిల్ ఆపేసేవారు. ‘ఇప్పుడు మోగాలి’ అని మాకే అనిపించేది. ఇప్పుడు వాచీలు చేతికే ఉన్నాయి, జీపీఎస్ ఉంది. అయినా నా పిల్లలు వారానికోసారి వాచీ విప్పి సంచిలో పెట్టి పరుగెత్తాల్సిందే.

మా సారు ఇంకో ఉపాయం ట్రామ్ స్తంభాలు. ఖిదిర్‌పూర్ నుంచి ఎస్‌ప్లనేడ్ వెళ్లే ట్రామ్ మైదానం పచ్చిక మధ్యలోంచి పోయేది. పట్టాల పక్కన స్తంభాలు వరసగా ఉండేవి. రెండు స్తంభాల మేర గట్టిగా, ఒక స్తంభం మేర మెల్లగా. తర్వాత మూడు గట్టిగా, ఒకటి మెల్లగా. దీన్ని ఫార్ట్‌లెక్ అంటారని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. 2020లో అంఫన్ తుఫాను వచ్చాక ఆ ట్రామ్ మళ్లీ నడవలేదు. నేనిప్పుడు చెట్లను గుర్తు పెడతాను.

విశాఖలో అయితే ఎక్కడానికి కొండ ఉంది, కాళ్లు గట్టిపడటానికి ఇసుక ఉంది. ఇక్కడ నేలంతా చదును. మెట్లే మా కొండ. స్టేడియం గ్యాలరీ దొరికిన రోజు పైకి పరుగు, కిందికి నడక. కిందికి పరుగెత్తకూడదు, మోకాళ్లు పోతాయి. వారంలో రెండు గట్టి రోజులు చాలు. ఇంటరు పిల్లకు అంతకన్నా పెడితే పరీక్షల నాటికి మంచం పడుతుంది. గట్టి రోజంటే మూడొందల మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో నాలుగు నిమిషాల నడక. ఏదైనా మొదటిదానికన్నా రెండు సెకన్లకు మించి నెమ్మదిస్తే అక్కడితో ఆపేయ్. అలసిన కాళ్లతో చేసే అదనపు పరుగు నీకు తప్పుడు నడక నేర్పుతుంది. మిగతా రోజుల్లో మెల్లని పరుగు. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత మెల్లగా. ఆఖర్లో చెప్పులు లేకుండా గడ్డి మీద ఎనభై మీటర్ల స్ట్రైడ్స్. ఇది విని నవ్విన కుర్రాళ్లున్నారు, ‘దీదీ, ఇది ముసలివాళ్ల పరుగు’ అని. ఆరు నెలలు ఓపిక పట్టినవాళ్లు మళ్లీ నవ్వలేదు.

డిసెంబరులో రెడ్‌రోడ్డు మీద పాతిక కిలోమీటర్ల పరుగు జరుగుతుంది. ప్రపంచస్థాయి రన్నర్లు వస్తారు. తప్పకుండా వెళ్లి చూడు. పదహారేళ్లకు నువ్వు అందులో పాతికా పరుగెత్తాలని మాత్రం అడగకు. నేను సంతకం పెట్టను.

మా పేటలో రంజాన్ నెల వస్తుంది. నా పిల్లల్లో చాలామంది రోజా ఉంటారు. ఒక అబ్బాయి వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చి, “దీదీ, రోజా మానితేనే పరుగు అంటారా?” అని అడిగింది. మానక్కర్లేదన్నాను. ఆ నెలలో కొత్త వేగం రాదు, ఉన్నది పోకుండా చూసుకుంటే చాలు. తెల్లవారు పరుగు ఆపేస్తాం. ఇఫ్తార్‌కు ముందు ముప్పావు గంట చాలు. తేలికగా జాగింగ్, డ్రిల్సు, కొన్ని పొట్టి పరుగులు, అంతే. గట్టి పని ఉంటే ఇఫ్తార్ అయ్యాక రెండు గంటలకు. నీళ్లు ఒక్కసారిగా తాగకుండా సెహ్రీ దాకా విడతలుగా తాగాలి. ఆ అబ్బాయి ఆ ఏడాది పండగ అయ్యాక మూడో వారంలో తన బెస్ట్ టైము పరుగెత్తాడు. ఆ రోజు వాళ్లమ్మ డబ్బా నిండా సేమియా పంపింది.

తిండి గురించి పెద్ద పుస్తకాలు అవసరం లేదు. రాత్రి నానబెట్టిన శనగలు, బెల్లం ముక్క, అరటిపండు, గుడ్డు. ఖిదిర్‌పూర్‌లో బిహారీ అన్నలు బండ్ల మీద సత్తు కలిపి ఇస్తారు, పరుగు అయ్యాక అంతకన్నా మంచి తిండి ఆ డబ్బులకు దొరకదు. తెలుగు ఇళ్లలో పప్పూ అన్నం ఉండనే ఉంది. ఆడపిల్లలకు మాత్రం ఏడాదికి రెండుసార్లు రక్తంలో హిమోగ్లోబిన్ చూపించాలి. మా అమ్మాయి ఒకతి సీజన్ మధ్యలో ఉన్నట్టుండి నెమ్మదించింది. బద్ధకం వచ్చిందన్నారు ఇంట్లో. రక్తం తీయిస్తే హిమోగ్లోబిన్ తొమ్మిదికి దిగిపోయి ఉంది. డాక్టరు ఐరన్ మాత్రలు ఇచ్చారు, మూడు నెలల్లో కాళ్లు తిరిగి వచ్చాయి. బద్ధకం అన్నవాళ్లెవరూ ఆ తర్వాత మాట్లాడలేదు. నెలసరి ఆగిపోతే నాకో, అమ్మకో చెప్పు. పరుగెత్తేవాళ్లకు అది మామూలే అని ఎవరన్నా అంటే నమ్మకు. తిండి చాలడం లేదని శరీరం చెప్పే మాట అది.

పొడుల డబ్బాలు, ఇంజెక్షన్లు తెచ్చే మనుషులు ప్రతి మైదానం దగ్గరా ఉంటారు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర మీట్‌కు నాడా వాళ్లు డోప్ పరీక్షకు వచ్చారని తెలియగానే రన్నర్లు మాయమైపోయారు. వంద మీటర్ల ఫైనల్‌లో ఒక్కడే పరుగెత్తాడు. పేపర్లన్నీ రాశాయి. నువ్వు అటు వెళ్లవని నాకు తెలుసు. కానీ దగ్గు మందుతో కూడా దొరికిపోవచ్చు. మన దగ్గర మామూలుగా అమ్మే చాలా దగ్గు సిరప్‌లలో టర్బ్యుటలిన్ ఉంటుంది. అది నిషిద్ధ జాబితాలో ఉంది. జలుబు చేస్తే మందుల షాపుకు వెళ్లకముందు నాకు ఫోను చేయి. డాక్టరుకు నువ్వు అథ్లెట్‌వని చెప్పు.

షూ విషయంలో డబ్బు చూసి మాట్లాడతాను. మా పేట పిల్లలకు స్పైక్స్ రెండు జతలు కొనే స్థోమత ఉండదు. పెద్దవాళ్లు వదిలేసినవి కడిగి, ఆరబెట్టి నా దగ్గరున్న ట్రంకు పెట్టెలో కొలతల వారీగా పెడతాను. సింథటిక్ మీద పిన్ను తొమ్మిది మిల్లీమీటర్లు దాటకూడదు. ఒక కుర్రాడు మట్టిలో వాడే పొడుగు పిన్నులతో సాల్ట్‌లేక్ మీట్‌కు వెళ్లాడు, పరుగుకు ముందు షూ చూసే కాల్ రూములో ఆపేశారు. పక్క జిల్లా పోటీదారు తన సంచిలోంచి రెంచి, పొట్టి పిన్నులు తీసి ఇచ్చాడు. ఇద్దరూ నేల మీద కూర్చుని మార్చారు. ఇద్దరూ ఫైనల్‌కు వచ్చారు. అప్పటి నుంచి మా పిల్లల సంచుల్లో రెంచి, రెండు కొలతల పిన్నులు ఉంటాయి, తమకోసమూ ఎదుటివాడికోసమూ. షూ బిగుతైతే ఓర్చుకోవద్దు. జల్పాయిగురి అమ్మాయి స్వప్నా బర్మన్‌కు రెండు పాదాలకూ ఆరేసి వేళ్లు. మామూలు షూలో నొప్పి భరిస్తూనే, కోచ్ సుభాష్ సర్కార్ గారి దగ్గర ఇదే సాల్ట్‌లేక్ సాయ్ కేంద్రంలో తయారై, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ స్వర్ణం గెలిచింది. ఆమె పాదానికి సరిపోయే షూ ఆ పతకం తర్వాతే వచ్చింది. ఇంకో పిల్ల అంత నొప్పి పడాలని నేను కోరుకోను.

కాల్ రూము మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఏక్‌బాల్‌పూర్ నుంచి సాల్ట్‌లేక్ బస్సులో గంట పైనే. వాన పడితే ఎంతో ఎవరూ చెప్పలేరు. హీట్ తొమ్మిదింటికైతే ఏడున్నరకు అక్కడుండాలి. మైకులో మొదటి పిలుపు వినగానే తినడం ఆపి లేవాలి. గ్యాలరీలో అన్నతో మాట్లాడుతూ రెండో పిలుపు వదిలేసి, ఏడాది సిద్ధపడిన పరుగు పోగొట్టుకున్న పిల్లను నేను ఓదార్చాల్సి వచ్చింది. స్ప్రింటర్లకు ఇంకో మాట: 2010 నుంచి ఒక్క ఫాల్స్ స్టార్ట్‌కే బయటికి పంపేస్తున్నారు. తుపాకీ పేలిన 0.1 సెకనులోపు కదిలినా ఫాల్స్ స్టార్టే. కాబట్టి శబ్దాన్ని ఊహించకు, విను.

ఇక కాగితాలు. ఎక్కువ పరుగులు ఆగిపోయేది ఇక్కడే. ఒకే పిల్ల పేరు ఆధార్‌లో ఒకలా, మాధ్యమిక్ అడ్మిట్ కార్డులో ఇంకోలా, స్కూలు సర్టిఫికెట్‌లో మూడోలా ఉంటుంది. ఉర్దూ పేర్లు ఇంగ్లీషులోకి వచ్చేసరికి, తెలుగు ఇంటిపేర్లు బెంగాలీలోకి వెళ్లేసరికి అక్షరాలు మారిపోతాయి. బెంగాల్‌లో వయసుకు మాధ్యమిక్ అడ్మిట్ కార్డే ఆధారం. మిగతావన్నీ దానికి సరిపెట్టించు, పదకొండో తరగతిలోనే. పన్నెండు అయ్యాక మొదలుపెడితే అడ్మిషన్ తేదీ దాటిపోతుంది. జాతీయ స్కూలు క్రీడల్లో ఆడితే ఫారం 4, ఇంటర్‌యూనివర్సిటీలో ఆడితే ఫారం 3. రేపు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి క్రీడా కోటాలో దరఖాస్తు పెట్టేటప్పుడు అడిగేవి ఇవి. మీట్ అయిన నెలలోనే సంతకం, ముద్ర వేయించుకో. సంతకం పెట్టాల్సినాయన బదిలీ అయ్యాక వెతుక్కోవడం నరకం.

ఇంటర్‌యూనివర్సిటీకి వయసు 17 నిండి 25 లోపు ఉండాలి. రెగ్యులర్ కోర్సులో చదువుతూ ఉండాలి. మా మంచి రన్నరొకడు పగలు దుకాణంలో పని చూసుకోవచ్చని దూరవిద్యలో చేరాడు. చేరాక తెలిసింది, యూనివర్సిటీ జట్టుకు పనికిరాడని. మరుసటేడు రెగ్యులర్ సీటు వెతికి చేర్పించే సరికి సీజను పోయింది. కాలేజీలో చేరేముందు కాలేజీ పేరుకన్నా ముందు మూడు ప్రశ్నలు అడుగు: క్రీడా కోటా ఉందా, పొద్దున ప్రాక్టీసుకు హాజరు సడలిస్తారా, అథ్లెటిక్స్ కోచ్ నిజంగా ఉన్నాడా. ఖిదిర్‌పూర్ కాలేజీ సహా ఇక్కడివి చాలావరకు కలకత్తా యూనివర్సిటీ కిందివే. అంతర్ కాలేజీ మీట్‌లో గెలిస్తే యూనివర్సిటీ జెర్సీకి దారి తెరుచుకుంటుంది. బయటికి వెళ్లగలిగితే భువనేశ్వర్‌లో కీట్, మూడబిదిరిలో ఆళ్వాస్ లాంటి సంస్థలు క్రీడాకారులను చూసుకునే పద్ధతి వేరు. మన తెలుగువైపు నాగార్జున యూనివర్సిటీ ఉంది. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడల వల్ల ఇప్పుడు సెలెక్టర్ల కళ్లు కాలేజీల మీద ఎక్కువగా ఉన్నాయి.

అమెరికా గురించి అడిగే పిల్లలూ ఉన్నారు. అక్కడి దారీ ఉంది. తేజస్విన్ శంకర్ కాన్సస్ స్టేట్ తరఫున 2018, 2022లో అక్కడి కాలేజీల పోటీ ఎన్‌సీఏఏలో హైజంప్ టైటిల్ గెలిచాడు. హర్యానా మేవాత్ కుర్రాడు పర్వేజ్ ఖాన్ ఫ్లోరిడా యూనివర్సిటీకి 1500 మీటర్లు పరుగెత్తాడు. కానీ అక్కడ మార్కులు చూస్తారు. మొదటి శ్రేణి కాలేజీల్లో పరుగెత్తాలంటే హైస్కూలులో పదహారు ముఖ్య సబ్జెక్టులు, వాటిలో కనీసం 2.3 గ్రేడ్ సగటు ఉండాలి. అందుకే తొమ్మిదో తరగతి నుంచీ మార్కుల కాగితాలు పారేయకు. ట్యూషన్‌కు వెళ్లు. పరుగుకోసం చదువు మానేస్తానన్న పిల్లను నేను ట్రాక్ మీదికి రానివ్వను.

ఒక తెలుగు అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. పదో తరగతి కాగానే వాళ్ల నాన్న, “ఏటమ్మా, ఎదిగిన ఆడపిల్లని చీకటితో మైదానానికి పంపమంటావేటి?” అన్నారు. “నేను తీసుకెళ్తాను బాబాయ్, మళ్లీ నేనే దింపుతాను. ఒక్క ఏడాది చూడండి” అన్నాను. రెండేళ్లూ అలాగే తీసుకెళ్లి, అలాగే దింపాను. మధ్యలో పిక్కలో నొప్పితో ఒక సీజను పోయింది. పన్నెండులో మార్కులు బాగానే వచ్చాయి, క్రీడా కోటాలో సీటు వచ్చింది. అంతర్ కాలేజీ మీట్‌లో 800లో రెండోది. ఫోన్ వచ్చింది: “అక్కా, యూనివర్సిటీ జెర్సీ ఇచ్చేరు. నాన్నే ఇస్త్రీ చేస్తన్నారు.” నేను ఆ ఫోను పెట్టేసి మా సారు ఇంటికి వెళ్లి చెప్పాను. ఆయన ఇప్పుడు సరిగ్గా నడవలేరు. “టైమెంత? చేతిదా, ఎలక్ట్రానిక్కా?” అని అడిగారు. ఎలక్ట్రానిక్ అన్నాను. నోటుబుక్కు తెప్పించుకుని తన చేత్తో రాసుకున్నారు.

నీది పదో తరగతి అయిపోయి ఉంటే, పరీక్షలన్నీ అయ్యాక చూద్దాంలే అనుకోకు. రేపు పొద్దున ఐదింటికి రా. షూ, నీళ్ల సీసా, కొత్త నోటుబుక్కు, మాధ్యమిక్ అడ్మిట్ కార్డు జిరాక్సు తెచ్చుకో. మొదటి రోజు అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని రా. వాళ్లతో నేను మాట్లాడతాను.